నర్సులు అని ఉన్నచోటల్లా

మార్చి 9

తమ్ముడికి,

బాగున్నావా అని అడగడం తర్వాత. ముందు నా గోడు విను.

నిన్న ఇక్కడ మా తెలుగు సంఘం నలభయ్యో వార్షికోత్సవం జరిగింది. జరిగింది అనడం కంటే నా పరువు తీసింది అంటే సరిపోతుంది. హాలు నిండా జనం. నువ్వు అచ్చు వేసి పంపిన పుస్తకాలు గుమ్మం దగ్గర బల్ల మీద దొంతరలుగా పేర్చాం. మన ఊళ్ళో, మా తమ్ముడి ప్రెస్సులో వేయించామని కనబడ్డ వాళ్ళకల్లా చెప్పుకున్నాను. కుర్చీలు వేయించడం, మైకు సరిచేయించడంతోనే సరిపోయి నేను మాత్రం ఒక్క పుస్తకమైనా తెరిచి చూసుకోలేదు. ప్రూఫులు ఎలాగూ నువ్వే చూస్తావు కదా అన్న ధీమా. అదే నా కొంప ముంచింది.

నేను రాసిన వ్యాసం నీకు తెలిసిందే. అయినా మళ్ళీ చెబుతాను, చెప్పకపోతే నా కోపం చల్లారదు. ఈ సంఘం పుట్టింది లాండ్రీలో. మేం పదకొండు మంది ఆడవాళ్ళం ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికేవాళ్ళం. మడతల గదిలో పొడుగాటి బల్ల ఒకటి ఉండేది. మధ్యాహ్నం గిన్నెలు విప్పుకునేదీ దాని మీదే, ఆదివారాలు మా పిల్లలకు అ ఆలు దిద్దించిందీ దాని మీదే, బట్టలకు కట్టే చీటీల వెనక. సంఘం మొదటి సభ్యుల జాబితా కూడా అలాంటి చీటీ మీదే రాశాం. ఇదంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. పదకొండు పేర్లూ వరుసగా రాశాను.

నిన్న సభ నడిపే ఆవిడ పుస్తకం తెరిచి మైకులో చదివింది. "నలభై ఏళ్ళ క్రితం ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సులుగా సేవలందించిన పదకొండు మంది తెలుగు సోదరీమణులు" అంటూ. ఎవరి గురించా అని మేం అటూ ఇటూ చూశాం. తర్వాత మా పేర్లు వచ్చాయి. పదకొండు మందిలో ఈ ఊళ్ళో మిగిలింది ఆరుగురం. ఏం చెయ్యాలో తోచక వేదిక ఎక్కాం. ముందు వరుసల్లో నిజం నర్సులు ఓ ఇరవై మంది కూర్చుని ఉన్నారు, చదువుకుని, పరీక్షలు రాసి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి పక్కమ్మాయి చెవిలో ఏదో చెప్పి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా అందరిలో పెద్దది మడతల అక్క. మడతల గదిలో పెత్తనమంతా ఆవిడదే కాబట్టి ఆ పేరు. చీటీ మీద మొదటి పేరు కూడా ఆవిడదే. వేదిక మీద నా పక్కనే నిలబడి, గొంతు తగ్గించి, "ఇది నువ్వు రాశావా?" అంది. చేతిలో పుస్తకం తెరిచి ఉంది. పద్నాలుగో పుట. వ్యాసం కింద నా పేరే. నేనింకా ఆ పుట చదువుతూనే ఉన్నాను. ఆవిడ తనకిచ్చిన మెమెంటో కుర్చీలో పెట్టి, మెట్లు దిగి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఈ ఉదయం ఫోన్ చేస్తే తియ్యలేదు. ఇంటికి వెళితే తలుపు తియ్యలేదు, లోపల టీవీ మోగుతూనే ఉంది. జూన్ ఆఖరుకి ఆవిడ కూతురి దగ్గరికి, ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం, పూర్తిగా వెళ్ళిపోతోంది. నలభై ఏళ్ళ స్నేహం ఇలా తెగిపోతే నేను బతికున్నంత కాలం నిద్రపోను.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. మా సంఘం అధ్యక్షుడి పని. ఆ డాక్టరు మా పదకొండు మందిలో ఒకావిడ కొడుకే. ఆ తల్లి పోయి ఆరేళ్ళయింది. ఆవిడ దుప్పట్లు ఉతికి చదివించిందని చెప్పుకోవడానికి ఇప్పుడు నామోషీ అయి ఉంటుంది. చివరి ప్రూఫులు వాడికే కదా పంపావు. నా చేతిరాత ప్రతి, మొదటి ప్రూఫులు నీ దగ్గరే ఉంటాయి. వెంటనే పంపు. అందరి ముందూ వాడి మొహాన కొడతాను.

ఫోన్ చెయ్యకు. నాకు అరవడమే తప్ప మాట్లాడటం రావడం లేదు.

అక్క

మార్చి 21

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఉత్సవం అంత వైభవంగా జరిగినందుకు ఇక్కడ అందరం చాలా సంతోషించాం. ఇక్కడ కూడా పోయిన ఆదివారం బడి ఆవరణలో చిన్న సభ పెట్టి పుస్తకం ఆవిష్కరించాం. హెడ్మాస్టరు గారు, ఆసుపత్రి సూపరింటెండెంటు గారు వచ్చారు. మూడు వందల ప్రతులూ పంచేశాం. పరాయి గడ్డ మీద మనవాళ్ళు సాధించిన దాని గురించి సూపరింటెండెంటు గారు అరగంట మాట్లాడారు. నీ పేరు చెప్పగానే చప్పట్లు మోగాయి. మీ మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇక నువ్వు రాసిన విషయం. పెద్దవాళ్ళతో పెట్టుకోకు. అచ్చులో నాలుగు మాటలు అటూ ఇటూ కావడం మామూలే. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, పుస్తకం ఒకసారి బైండింగ్ అయ్యాక దాన్ని తిట్టుకుని లాభం లేదు. చేతిరాత ప్రతి కోసం వెతికించాను. ఈ మధ్య కొత్త మిషన్ దింపడానికి గోడౌన్ ఖాళీ చేయించాం, అందులో కలిసిపోయినట్టుంది. మడతల అక్కయ్య గారికి నా నమస్కారాలు చెప్పు. పెద్దావిడ, రెండు రోజులు అలుగుతారు, వాళ్ళే సర్దుకుంటారు.

నీ మోకాలు ఎలా ఉంది? చలికి జాగ్రత్త.

నీ తమ్ముడు

ఏప్రిల్ 2

తమ్ముడికి,

ఆవిడ రెండు రోజులు అలిగేది కాదు. ఇరవై ఐదు రోజులైంది. నిన్న వీధిలో ఎదురై, నన్ను చూసి, రోడ్డు దాటి అటువైపు పేవ్‌మెంటు మీదుగా పోయింది. మిగతా నలుగురూ పలకరిస్తున్నారు గానీ, బ్యాంకులో కౌంటరు వెనక ఉన్నవాళ్ళు పలకరించినట్టు పలకరిస్తున్నారు. ఆఖరి రోజుల్లో నర్సమ్మ అనిపించుకోవాలని నేనే ముచ్చటపడ్డానని వాళ్ళ నమ్మకం.

కార్యవర్గ సమావేశంలో డాక్టర్ని నిలదీశాను. పదిహేను మంది ముందు. "మీ అమ్మ చేతులు బ్లీచింగుకి పగిలి రక్తం కారేవి, ఆ చేతులతోనే నీకు అన్నం పెట్టింది, ఇవాళ ఆవిడకు టోపీ తగిలించి నర్సును చేస్తావా" అని అడిగాను. అతను బ్యాగులోంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టాడు. నువ్వు పంపిన చివరి ప్రూఫులు. మీద నీ ప్రెస్సు ముద్ర, తారీఖు. అందులో పద్నాలుగో పుటలో నర్సులు అనే ఉంది. అతని పెన్ను గుర్తు ఒక్కటీ లేదు. "మీరే మనసు మార్చుకుని రాశారనుకున్నాను ఆంటీ. బాధనిపించింది. కానీ పెద్దవారు కదా, అడగలేకపోయాను" అన్నాడు.

కాబట్టి మారింది నీ ప్రెస్సులో. కంపోజింగు చేసే ఆవిడా? ఆవిడకెందుకు ఈ పెత్తనం? గోడౌన్ సంగతి నాకు చెప్పకు. ఎవరు మార్చారో ఒక్క ముక్క రాయి.

అక్క

ఏప్రిల్ 14

అక్కకు,

నేనే మార్చాను.

ఇందులో అంత గింజుకోవాల్సిందేమీ లేదు. నీ మేలు కోరే చేశాను. పుస్తకం మీ దగ్గరే ఉండిపోతే నాకేం? మూడు వందల ప్రతులు ఇక్కడ పంచాలని మీ సంఘమే కోరింది. ఇక్కడ నువ్వు నర్సువి అక్కా. ఊళ్ళో అందరికీ అలాగే తెలుసు. ఇప్పుడు పుస్తకంలో ఇంకోలా ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఎలా మొదలైందో చెబుతాను. వెళ్ళిన రెండో ఏడు నువ్వొక ఫోటో పంపావు. తెల్ల ఏప్రన్, తలకు తెల్ల గుడ్డ, వెనక పెద్ద పెద్ద మిషన్లు. దాన్ని ప్రెస్సులో కౌంటరు మీద గోడకు తగిలించాను. చూడముచ్చటగా ఉందనే తగిలించాను, ఒట్టు. ఒకరోజు ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరమ్మ రోగుల చీటీలు అచ్చు వేయించడానికి వచ్చింది. ఫోటో చూసి "మీ అక్క నర్సా?" అంది. నేను ఊ అన్నాను. ఒక్క ఊ. ఆ తర్వాత ఆసుపత్రి పనంతా మన ప్రెస్సుకే వచ్చింది. నాన్న కూడా అందరితో అలాగే చెప్పేవారు. ఆయన మాట నిలబెట్టడం నా ధర్మం.

నువ్వు ఏడాదికి రెండుసార్లు పంపే దుప్పట్ల మూట పోస్టాఫీసు నుంచి తెచ్చి కాన్పుల వార్డులో ఇచ్చేది నేనే కదా. మా అక్క పనిచేసే ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారని చెబుతాను. ఎంత గౌరవంగా పుచ్చుకుంటారో నువ్వు చూడలేదు. ఈ గౌరవమంతా నీకే.

డాక్టరు గారికి నా తరఫున సర్దిచెప్పు.

తమ్ముడు

ఏప్రిల్ 25

ఒరేయ్,

ఈ ఉత్తరం ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడూ మీ బావ చింపేశాడు, అలాంటివి పోస్టులో వెయ్యకూడదన్నాడు. ఇది ఆయనకు చూపించడం లేదు.

ఇప్పుడు అర్థమవుతోంది అన్నీ. ఐదేళ్ళ క్రితం వచ్చినప్పుడు ఎదురింటి పెద్దాయన గుమ్మంలో నిలబడి నాకు నాలుక చాపి చూపించాడు. మతి చలించిందేమో పాపం అనుకుని జాలిపడ్డాను. హెడ్మాస్టరు గారి భార్య చీర కాస్త పైకి లాగి, వాచిన పాదాలు చూపించి, ఏం చెయ్యమంటావమ్మా అంది. వేడినీళ్ళలో పెట్టుకోమన్నాను, ఎవరైనా చెప్పే మాటేగా. ఎవరు నాతో రెండు నిమిషాలు మాట్లాడినా నువ్వు పరిగెత్తుకొచ్చి, అక్క ప్రయాణం చేసి అలిసిపోయింది అని లోపలికి తీసుకుపోయేవాడివి. మా తమ్ముడికి నేనంటే ఎంత ప్రేమో అని ఇక్కడికొచ్చి మడతల అక్కకు చెప్పుకుని మురిసిపోయాను.

మీ వీధి చివరి ఇంటావిడ జ్వరంతో ఉన్న చంటిదాన్ని నా ఒళ్ళో పడుకోబెట్టింది, గుర్తుందా? ఒళ్ళు పేలాల పెనంలా కాలిపోతోంది. ఏం కాదులే అని నేను అనుంటే? ఆవిడ నా మాట నమ్మి ఆసుపత్రికి పోకుండా ఉంటే? నా మాటకి అంత బరువు ఉందని నాకే తెలియదు కదరా. అప్పుడు ఆ పసిదానికి ఏదైనా అయితే నువ్వు ఏ అక్షరం మార్చి దిద్దేవాడివి?

గౌరవమంతా నాకేనట. గౌరవం నువ్వు కల్పించిన ఎవరో నర్సుకి. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నేను దుప్పట్లు ఉతికాను. చీమూ నెత్తురూ అంటిన దుప్పట్లు, చనిపోయినవాళ్ళ కింద నుంచి తీసిన దుప్పట్లు. మొదటి వారం అన్నం సహించలేదు. మడతల అక్క తన గిన్నెలోది కలిపి ముద్దలు పెట్టింది. ఆ ఉతుకుడు మీదే మేం పిల్లల్ని చదివించాం. ఆ లాండ్రీలోనే ఈ సంఘం పెట్టాం. ఇవాళ ఆ హాల్లో కూర్చునే ఆరొందల మందికి ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడుకునే చోటంటూ ఉందంటే అది మా చలవ. ఆ దుప్పట్లలో చిరిగినవి పారేయబోతుంటే అడిగి తెచ్చుకుని, గట్టిగా ఉన్న మేర కత్తిరించి, అంచులు కుట్టి, మన ఊళ్ళో పుట్టే పిల్లల కిందికని పంపాం. దాన్ని కూడా నువ్వు ఆసుపత్రి వాళ్ళ దానం చేసేశావు.

డాక్టర్ని వెతుక్కుంటూ అతని ఆసుపత్రికే వెళ్ళాను. రోగులతో పాటు గంటన్నర కూర్చుని, క్షమించు నాయనా అన్నాను. మీ అమ్మను నువ్వు అవమానించావని పదిహేను మంది ముందు అన్నాను, తీరా చేసింది నా సొంత తమ్ముడు అన్నాను. అతను లేచి నాకు నీళ్ళు తెచ్చిచ్చాడు. అతని బల్ల మీద తల్లి ఫోటో ఉంది. అదే తెల్ల ఏప్రన్. కింద తెలుగులో రాసి ఉంది, మా అమ్మ, లాండ్రీలో. నాకు అక్కడే భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. తప్పొప్పుల పట్టిక అచ్చు వెయ్యి. ఎన్ని పుస్తకాలు వేశావో అన్ని. ఇక్కడివాటికి పంపు, అక్కడి మూడు వందలకీ నువ్వే అతికించు. మడతల అక్క వెళ్ళేలోగా అది నా చేతిలో ఉండాలి.

అక్క

మే 8

అక్కకు,

నన్ను ఒరేయ్ అన్నా, ఇంకేమన్నా పడతాను. నీ చేతుల్లో పెరిగినవాణ్ణి. మీ సంఘం ప్రతులకు తప్పొప్పుల పట్టిక వేసి పదిరోజుల్లో పంపిస్తాను. ఎలా కావాలంటే అలా రాస్తాను. మడతల అక్కయ్య గారికి విడిగా ఉత్తరం రాయమన్నా రాస్తాను.

ఇక్కడి ప్రతుల జోలికి మాత్రం పోవద్దు. కాళ్ళు పట్టుకుంటాను. నువ్వు అక్కడుంటావు, ఈ వీధిలో రోజూ నడిచేది నేను. నువ్వు వెళ్ళిన కొత్తలో రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు నన్ను పిలిచి, మీ అక్క పరాయి దేశం పోయి మైలగుడ్డలు ఉతుకుతోందటగా అని నవ్వేవాళ్ళు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. నేను పడ్డ అవమానం నీకేం తెలుసు? డాక్టరమ్మ ముందు ఊ అన్న రోజు నుంచి ఆ నవ్వులు ఆగిపోయాయి. ఇప్పుడు అరవైకి దగ్గరపడి, ఇంటింటికీ వెళ్ళి, నేను అబద్ధం ఆడానని అతికించి రమ్మంటావా? మీ మరదలికి కూడా ఈ సంగతి తెలియదు. పెళ్ళినాటికే నువ్వు నర్సువి.

నాన్నను తలుచుకో. ప్రెస్సు మెట్ల మీద నిలబడి మా అమ్మాయి నర్సు అని ఆయన ఎందరికి చెప్పుకున్నారో. పోయినాయన్ని అబద్ధాలకోరును చేస్తావా?

తమ్ముడు

మే 19

తమ్ముడికి,

నాన్న పేరు ఎత్తకుండా ఉంటే బాగుండేది.

ఆయన నాకు రాసిన ఉత్తరాలన్నీ నా దగ్గర ఉన్నాయి. నిన్న సెలవు పెట్టి, సూట్‌కేసు దించి, కూర్చుని అన్నీ చదివాను. ఆ ఫోటో పంపిన మరుసటి ఏడు ఆయన రాసిన దాంట్లోంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తున్నాను. అసలు ఉత్తరం నీకు పంపను, నీ చేతిలో కాగితాలు మారిపోతాయి.

"నీ ఫోటో ప్రెస్సులో వద్దని ఇంటికి తెచ్చి నా మంచం ఎదురుగా పెట్టుకున్నాను. ఎందుకని అడగవద్దు. తమ్ముడు చిన్నవాడు, వాడికి లోకమంటే భయం ఎక్కువ. నేను మాత్రం అడిగినవారికల్లా మా అమ్మాయి దుప్పట్లు ఉతుకుతుంది, అందులో పడుకుని జనం బాగై ఇంటికి పోతారు అని చెబుతున్నాను."

ఎందుకని అడగవద్దన్నారు, నేను అడగలేదు. ఇన్నేళ్ళకు తెలిసింది. ఆయన నిజమే చెప్పుకున్నారు. కొడుకు చెప్పింది అబద్ధమని మాత్రం ఎవరితోనూ అనలేదు. ముసలాయన ఏదో మాట్లాడుతున్నాడని నువ్వు ఊరివాళ్ళకు సర్దిచెప్పి ఉంటావు. అన్నావా లేదా? నేను ఐదేళ్ళ క్రితం వచ్చినప్పుడు ఫోటో మళ్ళీ ప్రెస్సులోనే ఉంది. ఆయన పోయాక ఎన్నాళ్ళకు మార్చావు? పన్నెండో రోజు దాకానైనా ఆగావా?

నువ్వు పడ్డ అవమానం నాకు తెలియదన్నావు. నిజమే, నాకు తెలియదు. నువ్వు రాస్తే తెలిసేది. నవ్వినవాళ్ళ మీద నేను అక్కడి నుంచే నీ వైపు నిలబడేదాన్ని. నువ్వు వాళ్ళ వైపు పోయి నిలబడ్డావు. వాళ్ళు నా పనిని చూసి నవ్వారు, నువ్వు దాన్ని దాచేశావు. ఏది ఎక్కువో నువ్వే చెప్పు.

ఇక్కడికో నిజం, అక్కడికో నిజం నాకు అక్కర్లేదు. అక్కడి మూడు వందలకీ అతికించకపోతే ఇక్కడివాటికి కూడా పంపకు. నేను మడతల అక్క గుమ్మం ముందు కూర్చుని, నా తమ్ముడు నన్ను చూసి సిగ్గుపడ్డాడు అని నోటితో చెప్పుకుంటాను.

అక్క

జూన్ 10

అక్కకు,

నాన్న అలా అన్నప్పుడల్లా, పెద్దాయనకు చాదస్తం, నర్సులే దుప్పట్లు కూడా చూసుకుంటారు అని చెప్పేవాణ్ణి. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఫోటో ఆయన పోయిన పదహారో రోజు మార్చాను.

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నాలుగో రోజు పట్టిక నేనే కంపోజు చేశాను, ఇంకెవరి చేతా చేయించలేదు. ఇలా వేశాను:

"పద్నాలుగో పుట మొదలు పద్దెనిమిదో పుట వరకు నర్సులు అని ఉన్నచోటల్లా లాండ్రీలో బట్టలు ఉతికిన స్త్రీలు అని చదువుకోవాలి. ఆసుపత్రి సమావేశ మందిరం అని ఉన్నచోట లాండ్రీ మడతల గది అని, ఆసుపత్రి వారు దానం చేసిన దుప్పట్లు అని ఉన్నచోట ఈ స్త్రీలు తమ చేతులతో కుట్టి పంపిన దుప్పట్లు అని చదువుకోవాలి. ఇవి అచ్చులో దొర్లిన తప్పులు కావు. రచయిత్రి సరిగానే రాశారు. ప్రెస్సు యజమాని కావాలని మార్చాడు. రచయిత్రి అతని అక్క."

ముందు మీ మరదలికి చదివి వినిపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు జిగురు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, పదండి అంది. ఇంటింటికీ తిరిగాం. వారం పట్టింది. పుస్తకం తెచ్చివ్వండి అని అడగడం, పద్నాలుగో పుట తెరిచి అతికించడం. చదవమని చెప్పేవాణ్ణి కాదు, వాళ్ళే చదివేవాళ్ళు. ఎదురింటి పెద్దాయన చదివి పుస్తకం నా మీదికి విసిరాడు. నర్సు కాని మనిషికి తనెందుకు నాలుక చాపి చూపించాల్సి వచ్చిందని ఆయన కోపం. హెడ్మాస్టరు గారు నవ్వి ఊరుకున్నారు, ఆ నవ్వే పట్టలేకపోయాను. ఆసుపత్రి అచ్చు పని ఇక మన ప్రెస్సుకు రాదని సూపరింటెండెంటు గారు కబురు పెట్టారు. పోతే పోనీ.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వార్డు వెనక బట్టలు ఉతికే ఆవిడ ఎదురైంది. ఎన్ని మూటలు ఆవిడ చేతికిచ్చానో లెక్క లేదు, ఎన్నడూ మొహం చూసి మాట్లాడింది లేదు. పుస్తకం లేదంది, చదువు రాదంది. పట్టిక నేనే చదివాను. ఆవిడ విని, నీళ్ళ చేతులు కొంగుకు తుడుచుకుని, "అది నాకెప్పుడో తెలుసు బాబూ. అంచు రెండు మడతలు వేసి మూల తిప్పి కుడతారు, ఎంత ఉతికినా పీలికలు లేవకుండా. ఉతికే మనిషికి తప్ప ఆ కుట్టు తెలీదు" అంది. ఇంకో మాట కూడా అంది. "ఈసారి మీ అక్క వస్తే మా ఇంటికి తీసుకురండి."

మీ ప్రతుల పట్టికలు విమానపు పార్సెల్‌లో వేశాను. నీ చేతిరాత ప్రతి కూడా అందులోనే ఉంది. గోడౌన్‌లో కలిసిపోలేదు. నా సొరుగులోనే ఉంది. దాని మీద ఎర్రసిరాతో కొట్టేసిన గీతలన్నీ నావే.

తమ్ముడు

జూన్ 18

తమ్ముడికి,

పార్సెల్ నిన్న పొద్దున అందింది. పట్టిక, నీ ఎర్రగీతల కాగితాలు పట్టుకుని మడతల అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది, సామాను దించుకుపోయేవాళ్ళ కోసం. గదిలో అట్టపెట్టెలు, గోడలకు పటాలు దించిన గుర్తులు. నన్ను చూసి, వెళ్ళమనలేదు, రమ్మనలేదు. పట్టిక చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని, పెట్టె మీద కూర్చుని చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి నా వైపు చూసింది. తర్వాత నా చేతిరాత ప్రతి అడిగి తీసుకుని, గీతల కింద ఉన్న మాటలు ఒక్కొక్కటే పైకి చదివింది, తన పేరు దాకా.

మంచం మీద ఇంకా సర్దని దుప్పటి ఒకటి ఉంది. లేచి దాని రెండు మూలలు తను పట్టుకుని, మిగతా రెండు మూలలు నా వైపు చాపింది. ఇద్దరం మడత పెట్టాం. ఆవిడ ముందుకు నడవడం, నేను ముందుకు నడవడం, మధ్యలో చేతులు కలవడం. నలభై ఏళ్ళు చేసిన పనే. "నీ తప్పు లేదు, నువ్వు చెప్పేదాకా నేనే ఆగాల్సింది" అంది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, ఆవిడ ఎప్పుడూ ఏడవదు. సాయంత్రం మిగతా నలుగురినీ, డాక్టర్నీ పిలిచింది. అందరం ఆ పెట్టెల మధ్యే కూర్చుని పుస్తకాలకు పట్టికలు అతికించాం. డాక్టరు అందరికంటే నెమ్మది, జిగురు చొక్కాకు అంటించుకున్నాడు.

నువ్వు వారం రోజులు ఇంటింటికీ తిరిగావని చెబితే, "చేశాడన్నమాట" అంది మడతల అక్క. అంతకంటే ఏమీ అనలేదు. నేను కూడా అంతకంటే ఏమీ అనలేను. నువ్వు చేసింది చిన్న పని కాదని నాకు తెలుసు. అయినా నా కోపం పోలేదు. నీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ నీ పక్కన కూర్చుని తిన్నాను, నీ పిల్లల్ని ఎత్తుకున్నాను. అప్పుడంతా నువ్వు నన్ను చూసి సిగ్గుపడుతూనే ఉన్నావు. దానికి ఏ పట్టికా వెయ్యలేవు. వెయ్యమని అడగను కూడా.

డిసెంబరులో వస్తున్నాను. మీ ఇంట్లో దిగను. వార్డు వెనక ఉతికే ఆవిడ ఇంట్లో దిగుతాను, పిలిచింది ఆవిడ కదా. నన్ను చూడాలనుంటే నువ్వు అక్కడికి రా. మరదల్ని కూడా తీసుకురా. పట్టపగలు రా, వీధిలో నడుచుకుంటూ రా. ఎక్కడికి అని ఎవరైనా అడిగితే, చెప్పి రా.

అక్క